ముదలాళి కారు కదిలేదాకా

మొన్న గురువారం వేలూరు బాగాయంలోని మా ఇంటికి కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళకి పని మీద తృప్తి ఉందా, ఒత్తిడి ఎంత, ఇంటికీ ఆఫీసుకీ తమ సమయాన్ని ఎలా పంచుకుంటున్నారు అన్న విషయం మీద చదువు ముగిసేలోగా ఒక నివేదిక రాసివ్వాలట. మా అమ్మాయి ఒక పెద్ద కంపెనీలో మేనేజరు, మేడ మీద గదిలో కూర్చుని ఇంటినుంచే పని చేస్తుంది గనక ఆమెను అడిగి పోదామని వచ్చింది. ఐదు నిమిషాలు కూర్చోమని మా అమ్మాయి పైనుంచే కేక వేసింది, ఆ ఐదు నిమిషాలు గంటంబావు అయ్యాయి. పాపం ఆ పిల్ల కాఫీ తాగి, గోడమీది ఫోటోలన్నీ చూసి, ఇంక చూడడానికేమీ మిగలక, నేనూ ఒకప్పుడు బూట్ల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరుగా చేశానని తెలుసుకుని, మర్యాద కోసం ఆ ప్రశ్నలేవో నన్నే అడగడం మొదలుపెట్టింది.

పని వేళలు ముగిశాక కూడా ఆఫీసులో ఉండేవారా, ఉంటే కారణమేమిటి అన్నది అందులో ఒక ప్రశ్న. దాని కింద నాలుగు గళ్ళు: పని ఎక్కువ కావడం, గడువు దగ్గరపడడం, పై అధికారి ఆదేశం, ఇతరములు. ముదలాళి కారు కదలకపోవడం అని రాసుకోమన్నాను. ఆ పిల్ల కలం పట్టుకుని నా ముఖం చూసి, కారు తరచూ చెడిపోయేదా ఆంటీ అని అడిగింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మీలో నా ఈడు వాళ్ళు, ఏదో ఒక కంపెనీలో ఒక కుర్చీని అరగదీసినవాళ్ళు ఎవరైనా ఉంటే మీకు వివరించి చెప్పనక్కరలేదు. ఆ పిల్లకి మాత్రం గంటసేపు చెప్పాల్సి వచ్చింది, అయినా గడిలో పట్టలేదు.

ఈ తమిళనాట మా వైపు యజమానిని ముదలాళి అనే అంటాం. మా ముదలాళిది కూడా మాలాగే ఎన్నో తరాల క్రితం ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబమే. వాళ్ళ నాయన తోళ్ళ వ్యాపారం చేస్తే, ఈయన వేలూరుకి అవతల బూట్ల పైభాగాలు కుట్టి విదేశాలకి పంపే ఫ్యాక్టరీ పెట్టాడు. నేను పెళ్ళై గుడియాత్తం వచ్చిన కొత్తలో అక్కడ కుట్టు లైనులో సూపర్‌వైజరుగా చేరి, పన్నెండేళ్ళలో ప్రొడక్షన్ మేనేజరునయ్యాను. ఆ ఆఫీసర్ల గదిలో చీర కట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే. ఇందులో దాపరికం ఏమీ లేదు, నాకా ఉద్యోగమంటే ప్రాణం. రెండువందల కుట్టు మిషన్లు ఒక్క జోరున నడుస్తుంటే లోపలికి అడుగుపెట్టకుండానే, ఏ వరుసలో దారం బిగువు తప్పిందో చప్పుడునిబట్టి చెప్పగలిగేదాన్ని. కొత్త నమూనా వచ్చిన రోజున దాన్ని విప్పి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అతకాలో పేర్చుకుంటూ ఉంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. తృప్తి ఉందా అన్న ప్రశ్నకి నేను క్షణం ఆలోచించకుండా ఉందని చెప్పాను.

చిక్కల్లా సాయంత్రం ఐదున్నర తర్వాతే వచ్చేది. ఐదున్నరకి గంట కొట్టగానే లైన్లలో పనిచేసే ఆడవాళ్ళు కంపెనీ బస్సులెక్కి వెళ్ళిపోయేవారు. ఆఫీసర్లకి వేరే వ్యాను ఉండేది. అది ముదలాళి కారు గేటు దాటాకే బయలుదేరాలని ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ చెప్పనూ లేదు. నేను చేరేనాటికే అది అలా ఉంది. ఆయన మేడమీద గదిలో ఉండగా కింద మేము లేచి వెళ్ళడమన్నది పెద్దవాళ్ళ పంక్తిలో విస్తరి ముందునుంచి ముందుగా లేచినట్టు అమర్యాదగా ఉండేది. ఆయన ఎనిమిదికి వెళితే మేము ఎనిమిదికి, ఎనిమిదిన్నరకి వెళితే ఎనిమిదిన్నరకి.

ఆ రెండున్నర గంటలూ మేము చేసిన ఘనకార్యాలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అకౌంట్స్ చూసే ఆయన ముందు ఒక ఫైలు తెరిచిపెట్టుకుని దాని చాటున రామకోటి రాసేవాడు. నాణ్యత చూసే ఆయన క్రైస్తవుడు, సొరుగు సగం లాగి అందులో చిన్న బైబిలు పెట్టుకుని చదివేవాడు. కొనుగోళ్ళ ఆయన పొద్దుటి పేపరునే పెళ్ళి ప్రకటనలతో సహా మళ్ళీ చదివేవాడు, ఆయనకి పెళ్ళీడు పిల్లలెవరూ లేరు. నేను మర్నాటి లైను పట్టికను మూడోసారి తిరగరాసేదాన్ని. అందరి చెవులూ మాత్రం కిటికీ అవతలే ఉండేవి. ముదలాళి డ్రైవరు గుడ్డ తీసుకుని కారు అద్దం తుడవడం మొదలుపెడితే బయలుదేరుతున్నట్టు గుర్తు. ఒకరు గుడ్డ అనేవారు, వెంటనే సొరుగులు మూసుకునేవి. ఒక్కోరోజు ఆ మహానుభావుడు ఊరికే తోచక తుడిచేవాడు, అప్పుడు మళ్ళీ సొరుగులు తెరుచుకునేవి. మా అందరి బల్లల్లోనూ కడుపుమంటకి ఒకే మందు సీసా ఉండేది.

నేను ఇల్లు చేరేసరికి మా పాప, అంటే ఇప్పుడు మేడ మీదున్న ఈ అమ్మాయే, నిద్రపోయేది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. మా ఆయనది గుడియాత్తంలో లుంగీల వ్యాపారం, మగ్గాల మీద నేయించి ఈరోడు, సేలం వైపు తీసుకుపోయి అమ్మేవారు, వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండేవారు కాదు. ఇంట్లో మా అత్తగారు ఉండేది, ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆదివారాలైనా నేను సరిగ్గా ఉన్నానా అంటే అదీ లేదు. పాప జడను కుట్టు తనిఖీ చేసినట్టు చూసేదాన్ని, అన్నం నెమ్మదిగా తింటే లైను ఆగినట్టు విసుక్కునేదాన్ని. మా అత్తగారు ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను, "మా కోడలు యాడ వస్తా ఉండాది ఇంటికి? ఫ్యాక్టరీనే చీర కట్టుకోని వస్తా ఉండాది." ఆ మాటకి ఆ రోజు కోపం వచ్చింది గానీ, ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఒక ఆదివారం పొద్దున పాపకి తలంటుతున్నాను. కాళ్ళ మీద నీళ్ళు పోస్తే అది కాలు వెనక్కి లాక్కుంది. చూస్తే పాదం మీద అరచేతి వెడల్పున నీలం రంగు, దాని కింద బొబ్బ చిట్లి ఉంది. శుక్రవారం సాయంత్రం మా అత్తగారు కళ్ళు కనపడక గంజి వారుస్తూ దాని కాలి మీద పోసిందట. బడిలో ఎవరో కాలినచోట సిరా పోస్తే చల్లగా ఉంటుందని చెప్పారట, అందుకని అదే తన పెన్ను విప్పి పోసుకుందట. అవ్వని తిడతానేమోనని నాకు చెప్పలేదు. శుక్రవారం, శనివారం, రెండు రోజులు నా కూతురు కాలిన కాలితో నా ఇంట్లో తిరిగింది, నాకు తెలియలేదు. మూడువందల జతల్లో ఒక్క కుట్టు తప్పితే పట్టేసే కళ్ళు నావి. ఆ పొద్దున తలంటు పోసే రాతి మీద కూర్చుని ఏడ్చాను.

ఆ సంగతి ఆలంగాయంలో ఉన్న మా వదినకి తెలిసింది. మా ఆయనకి అక్కగారు ఆవిడ, పిల్లలు లేరు, మా పాపంటే పంచప్రాణాలు. మరుసటి వారమే బస్సెక్కి వచ్చి, మా ఆయన కూడా ఇంట్లో ఉన్నప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "నేను నిన్ను తప్పు పట్టేదానికి రాలేదమ్మా. నువ్వు చేసేది చిన్న ఉద్యోగం కాదు, దాన్ని ఇడిసిపెట్టమని నేను చెప్పను. పాపని నాకాడ ఉంచు. పరీక్షలు కానీ, మే నెలలో వచ్చి పిలుచుకోని పోతా." ఆవిడ మాటలో వంకరేమీ లేదు. మా ఆయన, ఉద్యోగమా పాపా అన్నది నువ్వే చెప్పు, నేను ఏదీ కాదనను అన్నారు. చివరికి పాపనే అడిగాం. అది కాలి మీది మచ్చ గోక్కుంటూ, "యాడుంటే ఏముండాదిమ్మా? నువ్వు వచ్చేటప్పటికి నేను నిద్రపోయుంటా కదా" అంది. దానికి కోపం లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

అప్పుడు ఫిబ్రవరి నడుస్తోంది. మే నెలకి మూడు నెలలు కూడా లేవు. ఉద్యోగమూ వదలను, పిల్లనూ పంపను, రెండూ నావే అని ఆ రోజు మనసులో గట్టిగా అనుకున్నాను. అనుకోవడమైతే సులువే, దారి ఏదన్నదే ప్రశ్న. నాకు తెలిసిన విద్య ఒకటే. లైనులో పని ఎక్కడ ఆగుతోందో తెలియకపోతే గడియారం పట్టుకుని నిలబడి, ప్రతి చేతికీ ఎంతసేపు పడుతోందో రాసుకోవడం. ఆ లెక్క నా మీద నేనే వేసుకున్నాను. రోజూ ఐదున్నర తర్వాత పావుగంటకొకసారి నేనేం చేస్తున్నానో ఒక నోటుబుక్కులో దాచకుండా రాశాను. వారం తిరిగేసరికి తేలింది: సరుకు కంటైనరు ఎక్కించే రోజు ఒక్కటే నిజమైన పని ఉంది, మిగతా ఐదు రోజులూ నేను చేసింది కుర్చీలో ఉండడమే. నన్ను పాపకి దూరంగా ఉంచినది పని అయితే నేను ఏమనేదాన్నో తెలియదు. ఒక కుర్చీ కోసం పిల్లని ఆలంగాయం పంపడానికి మాత్రం నేను సిద్ధంగా లేను.

ఆ సోమవారం ఐదున్నర గంట కొట్టగానే బల్ల సర్దుకుని, సంచీ భుజాన వేసుకుని లేచాను. అకౌంట్స్ ఆయన కలం రామకోటి మీదే ఆగిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్, వయసులో పెద్దవాడు, నన్ను చూసి కంగారుగా ఎదురొచ్చాడు. "ముదలాళి కారు ఇంకా ఈడనే ఉండాది మేడమ్, మరిచిపోయినారా?" అన్నాడు. "మరిచిపోలేదప్పా, గేటు తియ్యి" అన్నాను. నా వ్యాను ఉండేది ఎనిమిదికి, అందుకని గుడియాత్తం వెళ్ళే పనివాళ్ళ బస్సెక్కాను. అంతవరకు గోలగోలగా ఉన్న బస్సు ఒక్కసారిగా నోరు మూసుకుంది. వాళ్ళని తనిఖీ చేయడానికి ఎక్కాననుకున్నారు పాపం. కాట్పాడి, కే.వి.కుప్పం దాటి గుడియాత్తం చేరేదాకా ఎవరూ గట్టిగా దగ్గను కూడా లేదు. ఒక పెద్దావిడ మాత్రం జరిగి చోటిచ్చి, తన ఒడిలోని మల్లెపూలలో ఒక మూర తెంచి నా చేతిలో పెట్టింది. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో అడుగుపెడితే పాప నన్ను చూసి, ఫ్యాక్టరీ మూసేసినారామ్మా అని అడిగింది.

మంగళవారం, బుధవారం, మొత్తం తొమ్మిది రోజులు అలాగే లేచాను. కొనుగోళ్ళ ఆయన నా మేలు కోరి, ఏదైనా ఒంట్లో బాగాలేదని చెప్పుకోమని, దానికో చీటీ కూడా తెప్పించిపెడతానని అన్నాడు. నాకు జబ్బేమీ లేదన్నాను. ఈలోగా గదిలో మాటలు తగ్గాయి, నేను వస్తే కొన్ని ఆగిపోయేవి కూడా. పదో రోజు మధ్యాహ్నం ముదలాళి పిలుస్తున్నారని కబురొచ్చింది. రాజీనామా ఉత్తరం అప్పటికే రాసి సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను, సంచీతో సహా మెట్లెక్కాను. ఉద్యోగం పోతే పోతుంది, ఐదున్నరకి లేవనని మాత్రం చెప్పకూడదని మెట్టు మెట్టుకీ అనుకుంటూ ఎక్కాను.

ఆయన నన్ను కూర్చోమని, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగారు. అందరూ బాగున్నారు, నా పని అయిపోతోంది, అందుకే వెళుతున్నాను అన్నాను. ఆయన కాసేపు బల్ల మీది తోలుముక్కను అటూ ఇటూ తిప్పి, "మరి తక్కినోళ్ళు యాల కూర్చోనుండారమ్మా? వాళ్ళకి పని కాలేదా?" అన్నారు. ఇంక దాచి లాభం లేదని, మీ కారు కదలలేదని కూర్చుంటున్నాం సార్ అని చెప్పేశాను. ఆయన తోలుముక్కను కింద పెట్టేశారు. "నా కారా?" అన్నారు. "మీరు పని చేస్తా ఉండారని కదమ్మా నేను కూర్చోనుండేది! మనకోసం పాటుపడేవాళ్ళు లోపల ఉండంగా ముదలాళి లేచి పోకూడదని మా నాయన చెప్పినాడు. రోజూ కిటికీలో చూస్తా, అందురూ తల వంచుకోని రాస్తానే ఉంటారు. ఇంతమంది ఉండంగా నేనెట్ల పోయేది?"

ముందుగా ఆయన నవ్వారు, తర్వాత నేనూ నవ్వాను, నవ్వుతూనే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నో ఏళ్ళుగా ఆయన మా కోసం, మేము ఆయన కోసం మర్యాదగా కూర్చుని ఎవరి ఇళ్ళను వాళ్ళం పోగొట్టుకున్నాం. నేను లేచేటప్పుడు ఆయన తనకు తాను చెప్పుకున్నట్టు, "మా ఇంటామె చెక్కర జబ్బు మనిషి. నేను వచ్చిందాకా అన్నం తినదు" అన్నారు. ఉత్తరం సంచీలోంచి తీయలేదు.

మర్నాడు సరిగ్గా ఐదున్నరకి డ్రైవరు అద్దం తుడిచాడు, ఐదూ నలభైకి కారు గేటు దాటిపోయింది. మా ఆఫీసర్లు సంతోషిస్తారనుకున్నాను గానీ హడలిపోయారు, ఆయనకి ఏదో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారు. మూడు రోజులు అలవాటు కొద్దీ ఎనిమిదింటిదాకా అక్కడే కూర్చున్నారట. తర్వాత ఒక్కొక్కరే లేచారు. కంటైనరు రోజు మాత్రం అందరం ఉండేవాళ్ళం, ఆ రోజు ఆలస్యమైనా ఎవరికీ కడుపు మండేది కాదు.

అన్నట్టుగానే మే నెలలో మా వదిన పాపని తీసుకుపోవడానికి వచ్చింది. నేను వాదించలేదు, రెండు రోజులుండి చూసి మీరే చెప్పండన్నాను. రెండు సాయంత్రాలూ ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని, నేను బస్సు దిగడం, పాప ఎదురు పరుగెత్తి నా సంచీ లాక్కోవడం, ఇద్దరం కలిసి మా అత్తగారి కంట్లో చుక్కలు వేయడం చూసింది. అత్తగారి కంటి ఆపరేషను అప్పటికి నేను దగ్గరుండి చేయించాను. మూడో పొద్దున వదిన ఒక్కతే బస్సెక్కుతూ, "నీ బిడ్డ నీకాడనే ఉండనీలేమ్మా" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. నాకు దక్కినది ఆవిడకి తప్పిపోయినదేనని నాకు తెలుసు, ఆ సంతోషంలో కొంచెం ముల్లు ఇప్పటికీ ఉంది.

అన్నీ కలిసొచ్చాయని మాత్రం అనుకోకండి. ముదలాళి తప్పుకున్నాక ఆయన కొడుకు పగ్గాలు పట్టాడు, అతనికి గంట కొట్టగానే లేచేవాళ్ళంటే పట్టుదల లేనివాళ్ళని అభిప్రాయం. జనరల్ మేనేజరు పదవి నాకు రావాల్సింది కొనుగోళ్ళ ఆయనకి వెళ్ళింది. బాధపడలేదంటే అబద్ధం, చాలా బాధపడ్డాను. కానీ పాత ముదలాళి భార్య పోయినప్పుడు పలకరించడానికి వెళితే, ఆయన అందరిముందూ నా చేయి పట్టుకుని, కడపటి నాలుగేళ్ళు ఆమెతో కూర్చుని రాత్రి అన్నం తిన్నానమ్మా అన్నారు. ఆ మాట తర్వాత నాకు ఆ పదవి పెద్దగా తలపుకి రాలేదు.

ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు, ఆ బస్సులూ లేవు. మా అమ్మాయి పని చేసే కంపెనీకి గేటూ లేదు, గంటా లేదు. వాళ్ళ పై అధికారి ఏ ఊళ్ళో ఉంటాడో కూడా దానికి సరిగ్గా తెలియదు, ఆయన పనిలో ఉన్నంతసేపూ పేరు పక్కన కంప్యూటరులో ఒక పచ్చచుక్క మాత్రం వెలుగుతూ ఉంటుందట. ఆ చుక్క ఆరిపోయేదాకా మా అమ్మాయి లేవదు. మాకు కనీసం కిటికీలోంచి కారైనా కనపడేది, మెట్లెక్కి వెళ్ళి అడగడానికి ఒక మనిషైనా ఉండేవాడు. చుక్కని వెళ్ళి ఎవరు అడుగుతారు?

నిన్న భోజనాల దగ్గర మా అమ్మాయి ఫోను చెవిన పెట్టుకునే ఎవరితోనో అంది, "మా అమ్మ కాలంలో ఉద్యోగాలు సుఖమబ్బా. మా అమ్మ రోజూ వెలుగుండంగానే ఇంట్లో ఉండేది." రోజూ అట! కాలిన కాలూ, సిరా, ఆలంగాయం ప్రయాణం, దానికేవీ గుర్తు లేవు. దానికి గుర్తున్నదంతా సాయంత్రం ఇంట్లో ఉన్న అమ్మే. వింటున్నంతసేపు నాకు ఒళ్ళంతా గర్వంగా అనిపించింది. ఆ వెంటనే భయమూ వేసింది, ఆ సాయంత్రాలు సుఖంగా వాటంతటవే వచ్చాయనుకుంటోంది గనక. దానికొక కూతురుంది, ఎనిమిదేళ్ళది, ఆ సమయానికి నా పక్కన కూర్చుని అన్నం కెలుకుతోంది.

అందుకే ఇదంతా రాశాను. మా అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు, బడిలో నేర్చింది తమిళమూ ఇంగ్లీషూ. కాబట్టి ఇది నేనే చదివి వినిపించాలి, వినడానికి అది ఆ కంప్యూటరు మూసి వచ్చి కూర్చోవాలి. రేపు సాయంత్రం ఐదున్నరకి అని చెప్పాను. చూస్తానమ్మా అంది. చూస్తాను అనే మాటకి అర్థం ఏమిటో నాకు తెలియనిది కాదు, ఎన్నేళ్ళు అన్నానో! మనవరాలి చేత ఇప్పుడే మేడ మీద ఆ గది గుమ్మంలో రెండు కుర్చీలు వేయించాను. ఒకటి నాకు, ఒకటి మనవరాలికి. రేపు మా అమ్మాయి కంప్యూటరు ముందునుంచి లేచేదాకా మేమూ లేవం.